ఖరీదైన వాచీ సరైన టైము చెబుతుందా?

కిందటేడు మదనపల్లెలో నేను పనిచేసే పాఠశాలలో పదో తరగతి వాళ్ళకు ప్రీ ఫైనల్ పరీక్షలు జరుగుతున్నాయి. ఆ రోజు లెక్కల పరీక్ష. ఆఖరి గంట కొట్టగానే మూడో బెంచీలో కూర్చున్న ఒక అబ్బాయి ఉలిక్కిపడి తలెత్తాడు. అతని చేతి వాచీలో ఇంకా 11 నిమిషాల టైము ఉంది! ఎనిమిది మార్కుల ప్రశ్న ఒకటి సగంలో ఆగిపోయింది. కాగితాలు తీసుకుంటూ వాచీ వైపు చూశాను. పసుపు పచ్చగా మెరిసిపోతూ ఉంది.

"స్విస్ వాచీ సార్. ఆటోమేటిక్. మా అన్న బెంగళూరులో మూడువేలు పెట్టి తెచ్చినాడు," అన్నాడు ఆ అబ్బాయి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా.

సాయంత్రం ఇద్దరం కలిసి వాచీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన వాచీ వెనుక మూత ఊడదీసి చూపించాడు. లోపల ఉన్నది ప్లాస్టిక్ చక్రాలతో తయారైన చవక రకం బ్యాటరీ యంత్రం. బ్యాటరీ అయిపోవచ్చింది. అందుకే ముల్లు మధ్యమధ్యలో ఆగి ఆగి నడిచింది. అది స్విస్ కాదు, ఆటోమేటిక్ కూడా కాదు. పైన పేరు మాత్రం అందంగా అచ్చువేసి ఉంది.

టమాటా అమ్మిన డబ్బుతో తమ్ముడికి ప్రేమగా కొనిచ్చిన వాచీ అది. ఆ అన్నను తప్పు పట్టలేం. వాచీ లోపల ఏముంటుందో, మనం ఇచ్చే డబ్బు దేనికి పోతుందో మనలో చాలామందికి తెలియదు. మీరూ రేపో మాపో ఒక వాచీ కొనుక్కుంటారు, లేదా ఇంట్లో ఎవరికో కొనిపెడతారు. అందుకే ఈ సంగతులు ఇప్పుడే తెలుసుకుందాం.

కాలాన్ని కొలిచేది ఏది?

కాలాన్ని కొలవాలంటే ఒకే రీతిలో మళ్ళీ మళ్ళీ జరిగే పని ఒకటి కావాలి. అది ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టే ఏర్పాటు ఒకటి కావాలి. ఏ గడియారంలోనైనా ఉండేవి ఈ రెండే. మిగిలినదంతా వీటికి తోడు.

హాలండ్ దేశపు శాస్త్రజ్ఞుడు హైగెన్స్ 1656లో లోలకంతో గడియారం తయారుచేశాడు. లోలకం ఒకసారి ఊగి రావడానికి పట్టే కాలం దాని పొడవు మీద, భూమి ఆకర్షణ మీద ఆధారపడుతుందని మీరు చదువుకున్నారు. మరి మదనపల్లెలో సరిగా నడిచే లోలకపు గోడ గడియారాన్ని హార్సిలీ హిల్స్ మీదికి తీసుకువెళితే ఏమవుతుంది? హార్సిలీ హిల్స్ సముద్రమట్టానికి సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉంది. మదనపల్లె ఎత్తు దాదాపు 700 మీటర్లు. పైకి పోయేకొద్దీ భూమి ఆకర్షణ కొంచెం తగ్గుతుంది. లోలకం కొంచెం నిదానంగా ఊగుతుంది. గడియారం రోజుకు కొన్ని సెకన్లు వెనుకబడుతుంది.

పైగా లోలకాన్ని చేతికి కట్టుకోలేం కదా! ఈ చిక్కుకు కూడా హైగెన్సే 1675లో పరిష్కారం చూపాడు. ఒక చిన్న చక్రం, దానికి వెంట్రుక లాంటి సన్నని చుట్టల స్ప్రింగు. చక్రాన్ని ఒక పక్కకు తిప్పితే స్ప్రింగు ముడుచుకుని, దాన్ని వెనక్కు లాగుతుంది. చక్రం ఆ వేగంతో రెండో పక్కకు పోతుంది. స్ప్రింగు మళ్ళీ లాగుతుంది. ఈ చక్రాన్ని బ్యాలెన్సు చక్రమనీ, ఈ స్ప్రింగును హెయిర్ స్ప్రింగనీ అంటారు. ఇది ఊగే కాలం చక్రం బరువు ఎలా పరుచుకుని ఉంది, స్ప్రింగు ఎంత బిగువుగా ఉంది అన్న వాటిపై ఆధారపడుతుంది. ఇందులో భూమి ఆకర్షణ ప్రసక్తి లేదు. కాబట్టి చేతి వాచీని హార్సిలీ హిల్స్‌కు తీసుకుపోయినా భయం లేదు.

కీ ఇచ్చే పాత వాచీని చెవి దగ్గర పెట్టుకుంటే టిక్ టిక్ మని వినిపించేది ఈ బ్యాలెన్సు చక్రం పని వల్లనే. చాలా పాత వాచీలలో ఇది సెకనుకు 5 టిక్కులు వేస్తుంది. అంటే గంటకు 18,000. రోజుకు 4,32,000. మనం కీ ఇచ్చినప్పుడు ముడుచుకునే మెయిన్ స్ప్రింగు దీనికి శక్తినిస్తుంది. ఆటోమేటిక్ వాచీలో కీ ఇచ్చే పని ఒక అర్ధచంద్రాకారపు లోహపు ముక్క చేస్తుంది. మనం చెయ్యి ఊపినప్పుడల్లా అది తిరిగి మెయిన్ స్ప్రింగును చుడుతుంది.

డయల్ మీద '17 జ్యువెల్స్' అని చూసి లోపల నగలేవో ఉన్నాయనుకునేవారు ఉన్నారు. నిత్యం తిరిగే ఇరుసులు లోహం మీద లోహం రాసుకుంటే త్వరగా అరిగిపోతాయి. అందుకని గట్టిగా, నున్నగా ఉండే కెంపు రాళ్ళకు రంధ్రాలు చేసి వాటిలో ఇరుసులను నిలుపుతారు. ఇవి గనుల్లో దొరికినవి కావు, కార్ఖానాలో తయారుచేసిన కెంపులు. అవసరమైనన్ని ఉంటే చాలు. రాళ్ళు ఎక్కువైనంత మాత్రాన వాచీ గొప్పదైపోదు.

మంచు కొండల్లో పుట్టిన పనితనం

వాచీ అనగానే స్విట్జర్లాండు పేరెందుకు వస్తుంది? ఆ దేశంలో జెనీవా నగరపు పనివాళ్ళు 1601 నాటికే గడియారాల వృత్తి సంఘం పెట్టుకున్నారు. ఆ తరువాత ఈ పని జురా కొండల్లోని పల్లెలకు పాకింది. అక్కడ చలికాలమంతా మంచే. పొలం పని ఉండదు. రైతు కుటుంబాలు కిటికీల పక్కన కూర్చుని చక్రాలు, మరలు, స్ప్రింగులు తయారుచేసేవి. ఒక్కో ఇంట ఒక్కో భాగం. తండ్రి చేసే పని కొడుకు నేర్చుకుంటూ పోయాడు.

అయితే స్విస్ పేరు వెనుక పనితనమే కాదు, విజ్ఞాన శాస్త్రమూ ఉంది. ఎండ పెరిగితే మామూలు ఉక్కు హెయిర్ స్ప్రింగు మెత్తబడుతుంది. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే చాలు, వాచీ రోజుకు 10 సెకన్లకు పైగా వెనుకబడుతుంది. మన ఊళ్ళో జనవరి తెల్లవారుజాము చలికీ, మే నెల మధ్యాహ్నపు ఎండకూ తేడా 20 డిగ్రీలు దాటుతుంది. లెక్క మీరే వేసుకోండి. జురా ప్రాంతంలో గడియారాల పనివాళ్ళ ఇంట పుట్టిన గియోం అనే భౌతిక శాస్త్రజ్ఞుడు నికెల్, ఉక్కు కలిపిన మిశ్రలోహాల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశాడు. వేడికి దాదాపు వ్యాకోచించని ఇన్వార్‌నూ, వేడికి బిగువు మారని ఎలిన్వార్‌నూ కనిపెట్టాడు. ఈ కృషికి ఆయనకు 1920లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఐన్‌స్టీన్‌కు 1921 సంవత్సరపు బహుమతి లభించిందని తెలిసిన మీకు, అంతకు ముందరి ఏడు ఆ బహుమతి వాచీ స్ప్రింగులకు పనికివచ్చిన పరిశోధనకు దక్కిందని తెలిస్తే ఆశ్చర్యం కలగక మానదు.

రాయి చేసిన తారుమారు

ఇంత కష్టపడి తయారుచేసిన యంత్రాన్ని చివరికి ఒక చిన్న రాయి ఓడించింది. అదే క్వార్ట్జ్ స్ఫటికం. రసాయనికంగా చూస్తే ఇసుకలో ఉండే సిలికాన్ డయాక్సైడే. 1880లో పియేర్ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ ఒక విచిత్రం గమనించారు. కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటి ముఖాల మీద విద్యుత్తు పుడుతుంది. దీనికి తారుమారుగా, వాటికి విద్యుత్తు ఇస్తే అవి కదులుతాయని మరుసటి ఏడు తేలింది.

నేటి బ్యాటరీ వాచీలో శ్రుతిదండం ఆకారంలో కోసిన చిన్న క్వార్ట్జ్ ముక్క ఉంటుంది. బ్యాటరీ విద్యుత్తుతో అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ అంకె ఎందుకో చెప్పగలరా? 2ను 15 సార్లు వేసి గుణించి చూడండి, 32,768 వస్తుంది. వాచీలోని సూక్ష్మ వలయం ఈ కంపనాల సంఖ్యను సగం చేస్తుంది, మళ్ళీ సగం, మళ్ళీ సగం. అలా 15 సార్లు సగం చేస్తే మిగిలేది సెకనుకు ఒక్కటే. ఆ ఒక్క తాకిడికి చిన్న మోటారు కదిలి సెకన్ల ముల్లును ఒక గీత ముందుకు నెడుతుంది.

ఇప్పుడు రెండింటినీ పోల్చి చూద్దాం. మామూలు కీ వాచీ రోజుకు 10 సెకన్ల తేడాతో నడిస్తే బాగా నడిచినట్టే. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి, అది 8,640 సెకన్లకు ఒక సెకను తప్పుతోందన్నమాట. నూటికి దాదాపు 99.99 మార్కులు! మెచ్చుకోవలసిందే. కాని మామూలు క్వార్ట్జ్ వాచీ నెలకు 15 సెకన్లు తప్పుతుంది, అంటే రోజుకు అర సెకను. కీ వాచీ కన్నా 20 రెట్లు మెరుగు.

మొదటి క్వార్ట్జ్ చేతి వాచీల నమూనాలను స్విస్ శాస్త్రజ్ఞులే 1967లో తయారుచేశారు. కాని 1969 డిసెంబరు 25న జపాను సంస్థ సీకో ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ వాచీని అమ్మకానికి పెట్టి ముందడుగు వేసింది. అప్పుడు దాని ఖరీదు ఒక చిన్న కారు ఖరీదంత. పదేళ్ళు తిరిగేసరికి క్వార్ట్జ్ వాచీలు సామాన్యులకు అందుబాటులోకి వచ్చాయి. 1970లో స్విస్ వాచీ పరిశ్రమలో సుమారు 90,000 మంది పనిచేసేవారు. 1980ల మధ్యకు వచ్చేసరికి 30,000 పైచిలుకు మిగిలారు. ఎన్నో తరాల పనితనం ఉన్న ఇళ్ళు పని లేక నిలిచిపోయాయి. 1983లో స్విస్ వారు కేవలం 51 భాగాలతో స్వాచ్ అనే ప్లాస్టిక్ క్వార్ట్జ్ వాచీ తయారుచేసి నిలదొక్కుకున్నారు. ఖరీదైన కీ వాచీలను సమయం చూసుకునే పనిముట్లుగా కాక, కళాఖండాలుగా అమ్మడం మొదలుపెట్టారు.

మన పొరుగున తయారైన వాచీలు

ఈ కథలో మన పొరుగు ఊళ్ళకూ చోటుంది. 1953లో బెంగళూరులో స్థాపించిన హిందుస్థాన్ మెషిన్ టూల్స్, అంటే హెచ్‌ఎంటీ, 1961లో జపానుకు చెందిన సిటిజన్ సహకారంతో చేతి వాచీలు చేయడం ప్రారంభించింది. ఆ సంస్థ తయారుచేసిన జనతా, పైలట్, సోనా, కాంచన్ వంటి వాచీలు మీ తాతయ్యల చేతులకు ఉండేవి. పెళ్ళిలో అల్లుడికి హెచ్‌ఎంటీ వాచీ పెట్టడం ఒక గౌరవంగా ఉండేది. చూపు లేనివారు ముళ్ళను తడిమి సమయం తెలుసుకునే వాచీని కూడా ఆ సంస్థ తయారుచేసింది. హైదరాబాదులో ఆల్విన్ సంస్థ 1980లలో సీకో సహకారంతో వాచీలు చేసింది. 1984లో టాటా సంస్థ, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి టైటాన్‌ను నెలకొల్పాయి. దాని కర్మాగారం హోసూరులో వెలిసింది. హోసూరు ఎక్కడో కాదు, కుప్పానికి పొరుగు సీమే. ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవారూ ఎక్కువే.

టైటాన్ క్వార్ట్జ్‌ను నమ్ముకుంది. హెచ్‌ఎంటీ కీ వాచీల మీదే ఎక్కువ కాలం నిలిచింది. స్విట్జర్లాండులో జరిగినదే ఇక్కడా జరిగింది. 2016లో కేంద్ర ప్రభుత్వం హెచ్‌ఎంటీ వాచీల సంస్థను మూసివేయాలని నిర్ణయించింది. మీ ఇంట్లో తాతయ్య హెచ్‌ఎంటీ వాచీ ఏదైనా పెట్టెలో పడి ఉంటే పారేయకండి. చాలావాటికి లోపల నూనె ఎండిపోవడమే జబ్బు. తెలిసిన పనివాడు శుభ్రం చేసి నూనె వేస్తే మళ్ళీ నడుస్తుంది.

డబ్బు దేనికి పోతుంది?

ఇక వాచీల ధరల సంగతి చూద్దాం. వాటిని నాలుగు మెట్లుగా అనుకోండి. వందలు, వేలు, పదివేలు, లక్షలు.

వందల్లో దొరికే మంచి కంపెనీ వాచీలో ఉండేది క్వార్ట్జ్ యంత్రమే. సమయం చెప్పడంలో దీనికి వంక పెట్టలేం. డబ్బు తగ్గిన చోటు వేరే ఉంది. గాజు త్వరగా గీతలు పడవచ్చు, పైపూత రాలవచ్చు, బెల్టు తెగవచ్చు.

వేలల్లోకి వస్తే పట్టుగా ఉండే స్టీలు పెట్టె, నీటిని తట్టుకునే రబ్బరు బిగింపు, మంచి గాజు వస్తాయి. స్విస్ వాచీలు మొదలయ్యేది ఈ మెట్టు మీదనే. స్వాచ్ ఇక్కడిదే. దాని గొప్ప రంగుల్లోనూ సరదాలోనూ ఉంది. సమయం చెప్పడంలో అది పైన చెప్పిన చవక క్వార్ట్జ్‌కు అన్నా కాదు, తమ్ముడూ కాదు, కవల.

పదివేలు దాటి కొన్ని పదుల వేలకు పోతే టిస్సో వంటి స్విస్ కంపెనీల ఆటోమేటిక్ వాచీలు కనిపిస్తాయి. వీటిలో గీతలు పడని కృత్రిమ నీలపు గాజు వాడతారు. కొన్నిటిని పూర్తిగా చుడితే 80 గంటలు నడుస్తాయి. అంటే శుక్రవారం రాత్రి తీసి పెడితే సోమవారం పొద్దున కూడా నడుస్తూనే ఉంటుంది. కాని సమయం విషయంలో ఇవి క్వార్ట్జ్‌తో సరితూగవు.

లక్షల్లో ఒమేగా, రోలెక్స్ వంటివి ఉంటాయి. 'క్రోనోమీటర్' అన్న మాట వీటి డయల్ మీద చూడవచ్చు. ఆ మాట వాడాలంటే స్విట్జర్లాండులోని పరీక్షా సంస్థ 15 రోజులపాటు వాచీ యంత్రాన్ని 5 భంగిమల్లో, 8, 23, 38 డిగ్రీల వేడిలో పెట్టి పరీక్షిస్తుంది. సగటున రోజుకు 4 సెకన్లు వెనుక, 6 సెకన్లు ముందు దాటకూడదు. రోలెక్స్ తన వాచీలకు రోజుకు 2 సెకన్ల హద్దు పెట్టుకుంది. స్ప్రింగుతో నడిచే యంత్రానికి ఇది అపూర్వమైన క్రమశిక్షణ. అయినా రోజుకు 2 సెకన్లంటే నెలకు 60 సెకన్లు. వందల్లో దొరికే క్వార్ట్జ్ వాచీ తేడా నెలకు 15. ఇందాకటి శీర్షికలోని ప్రశ్నకు జవాబు మీకు దొరికినట్టే.

మరి లక్షలు పోసేవాళ్ళు తెలివితక్కువవాళ్ళా? కారు. మరమగ్గంలో నేసిన చీర కూడా ఒళ్ళు కప్పుతుంది. అయినా చేతి మగ్గం మీద నేసిన పట్టుచీరకు ఎక్కువ డబ్బు ఇస్తున్నాం కదా. పనితనానికీ, బంగారానికీ, పేరుకూ, హోదాకూ ఇచ్చే ధర అది. ఇవ్వగలిగినవాళ్ళు తెలిసి ఇస్తే తప్పు లేదు. సరైన టైము కోసమే ఇస్తున్నామనుకుంటేనే పొరపాటు.

ఎవరికి ఏ వాచీ?

మదనపల్లెలో చదువుకునే విద్యార్థికి కావలసింది పరీక్ష హాల్లో ఒక్క చూపులో టైము తెలియడం. హాల్లోకి సెల్‌ఫోను రానివ్వరు. కాబట్టి అంకెలు పెద్దవిగా, నిమిషాల గీతలు స్పష్టంగా ఉన్న సాదా క్వార్ట్జ్ వాచీ చాలు. బ్యాటరీ మార్చి రెండేళ్ళయితే పరీక్షలకు ముందే కొత్తది వేయించండి. ఖర్చు కొద్దిపాటిదే.

పొట్టి ఆవులకు పేరుపొందిన పుంగనూరు పక్క పల్లెలో ఒక రైతు ఉన్నాడనుకుందాం. పాలు పితకడం, దుమ్ము, బురద, బావిలో ఈత. ఆయన వాచీ నీటిని తట్టుకోవాలి. వెనుక మూత మీద '30 మీటర్లు' అని ఉంటే 30 మీటర్ల లోతుకు మునగవచ్చని కాదు. అంత లోతు నీటికి సమానమైన నిలకడ పీడనాన్ని కొత్త వాచీ తట్టుకుందని మాత్రమే. చేతులు కడుక్కున్నప్పుడు చిందే నీటికీ, వానకూ అది సరిపోతుంది. బావిలో దూకి ఈదడానికి 100 మీటర్ల రకం ఉండాలి. డైవర్ వాచీ అనే రకానికి డయల్ చుట్టూ తిరిగే వలయం ఉంటుంది. నీటిలో మునిగేవాడు దాని గుర్తును నిమిషాల ముల్లు ఎదుట పెట్టి, ఎంతసేపయిందో చూసుకుంటాడు. అది ఎడమవైపుకు మాత్రమే తిరుగుతుంది. ఎందుకు? పొరపాటున తగిలి కదిలినా, గడిచిన కాలం ఎక్కువ చూపాలి గాని తక్కువ చూపకూడదు. తక్కువ చూపితే గాలి అయిపోయి ప్రాణానికే ముప్పు. మన రైతు ఇదే వలయంతో బోరు మోటారు వేసి ఎంతసేపయిందో చూసుకోవచ్చు.

ఇక కుప్పం. అక్కడి నుంచి రైలులో బెంగళూరుకు ఉద్యోగానికి పోయి వచ్చేవాళ్ళు ఉన్నారు. ఒక్క నిమిషం వెనుకబడినా రైలు తప్పిపోతుంది. వాళ్ళకూ క్వార్ట్జే నమ్మకమైనది. సరదా ఉంటే క్రోనోగ్రాఫ్ అనే రకం తీసుకోవచ్చు. క్రోనోమీటర్ వేరు, క్రోనోగ్రాఫ్ వేరు. రెండోది స్టాప్ వాచీ కూడా కలిసి ఉన్న వాచీ. కొన్నిటి అంచు మీద వేగం చూపే అంకెలుంటాయి. రైలు పట్టాల పక్కన కిలోమీటరు రాళ్ళు మీరు చూసే ఉంటారు. ఒక రాయి నుంచి మరో రాయికి 45 సెకన్లు పడితే సెకన్ల ముల్లు ఆగిన చోట 80 అని ఉంటుంది. రైలు వేగం గంటకు 80 కిలోమీటర్లన్నమాట. అంచు మీద అంకెలు లేకపోయినా నష్టం లేదు. 3,600ను 45తో భాగిస్తే మీకూ అదే జవాబు వస్తుంది.

మోసపోకుండా

'స్విస్ మేడ్' అన్న రెండు మాటలకు ఆ దేశంలో చట్టం ఉంది. యంత్రం స్విస్‌దై ఉండాలి, దాన్ని పెట్టెలో బిగించడం, ఆఖరి తనిఖీ ఆ దేశంలోనే జరగాలి. 2017 నుంచి తయారీ ఖర్చులో కనీసం 60 శాతం అక్కడే కావాలన్న నిబంధన కూడా చేరింది. 'స్విస్ మూవ్‌మెంట్' అంటే యంత్రం మాత్రమే స్విస్‌ది. మిగిలినది ఎక్కడిదైనా కావచ్చు. రెండూ ఒకటి కాదు.

ఆటోమేటిక్ అని చెప్పిన వాచీలో సెకన్ల ముల్లు సెకనుకొక్కసారి ఆగి దూకుతూ ఉంటే అనుమానించండి. కీ వాచీలోనూ ఆటోమేటిక్‌లోనూ ముల్లు చిన్న చిన్న అడుగులతో జారుతున్నట్టు సాగిపోతుంది. క్వార్ట్జ్‌లో సాధారణంగా సెకనుకు ఒక గెంతు వేస్తుంది. లక్ష రూపాయల పేరున్న వాచీ మూడు వేలకు వస్తోందంటే అది నకిలీయే. పాత స్విస్ వాచీ పేరుతో అమ్మే వాటిలో డయల్‌కు కొత్త రంగు వేసి, వేరే వాచీల భాగాలు కలిపినవి కూడా ఉంటాయి. కొనే ముందు మూత తీసి తెలిసినవాళ్ళకు చూపించాలి. పెద్ద ధర పెట్టేటప్పుడు కంపెనీ అనుమతి పొందిన దుకాణంలో, బిల్లు, వారంటీ కాగితం తీసుకుని కొనాలి.

చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న వాచీలను మీరే పరీక్షించవచ్చు. దీనికి సరైన సమయం కావాలి. సూర్యుణ్ణి చూసి పెట్టుకుందామంటే కుదరదు. 82½ డిగ్రీల తూర్పు రేఖాంశపు సమయం 1906 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఇప్పుడు మన దేశమంతటికీ అదే ప్రమాణం. ఆ రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ దాదాపు 78½ డిగ్రీల దగ్గర, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 4 డిగ్రీలకు 16 నిమిషాలు. కాబట్టి మన ఊళ్ళలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది సగటున 12 గంటల 16 నిమిషాలకు. అదీ ఏడాదంతా ఒకేలా ఉండదు. నవంబరు మొదట్లో దాదాపు 12 గంటలకే వస్తాడు, ఫిబ్రవరి మధ్యలో 12-30కి గాని రాడు. ఒక కర్ర నిటారుగా నాటి, దాని నీడ అతి పొట్టిగా ఉన్న క్షణం ఏదో చూస్తే ఈ సంగతి మీకే తెలుస్తుంది.

కాబట్టి నెట్‌వర్కు నుంచి సమయం తీసుకునే సెల్‌ఫోనును ప్రమాణంగా పెట్టుకోండి. రోజూ రాత్రి 8 గంటలకు వాచీ ఎన్ని సెకన్లు ముందుందో, వెనుకుందో ఒక పుస్తకంలో రాయండి. మధ్యలో ముళ్ళు సరిచేయవద్దు. పది రోజులు ఇలా చేసి, ఒక రోజుకూ మరుసటి రోజుకూ తేడా ఎంతో లెక్కకట్టండి.

ఒక వాచీ రోజూ సరిగ్గా 6 సెకన్లు ముందుకు పోతోందనుకోండి. రెండోది ఒకరోజు 9 సెకన్లు ముందుకు, మరునాడు 12 వెనక్కు, ఆ మరునాడు 3 ముందుకు పోయి, చివరికి సున్నా చూపిందనుకోండి. ఏది మంచి వాచీ? చాలామంది రెండోదంటారు. కాని మొదటిదే మంచిది. దాని తప్పు స్థిరంగా ఉంది. లెక్కవేసి తీసేయవచ్చు. పనివాడు చిన్న మీట కదిపి సరిచేయగలడు. రెండోదాని తప్పుకు పద్ధతి లేదు, రేపేం చేస్తుందో చెప్పలేం. ప్రయోగశాలలో ఏ పరికరాన్నయినా ఇలాగే పరీక్షించాలి.

ఇంతకూ ఆ అబ్బాయి ఏం చేశాడో చెప్పనే లేదు. ఆ పసుపు పచ్చ వాచీని పక్కన పెట్టి, తాతయ్య పాత కీ వాచీని శుభ్రం చేయించుకున్నాడు. పబ్లిక్ పరీక్షలకు ముందు పది రోజులు సెల్‌ఫోనుతో సరిచూశాడు. అది రోజుకు 14 సెకన్లు వెనుకబడుతోందని తేల్చి, రోజూ పొద్దున కీ ఇచ్చేటప్పుడే సరిచేసుకుని పరీక్షకు వెళ్ళాడు. లెక్కల పరీక్ష రోజు సాయంత్రం దారిలో కనిపించి, "అన్నీ రాసినాను సార్, నాలుగు నిమిషాలు మిగిలింది," అన్నాడు.

మీ వాచీ రోజుకు ఎన్ని సెకన్లు తప్పుతోందో ఈ రాత్రి నుంచే చూడడం మొదలుపెట్టండి.